పండుగ నాటి మధ్యాహ్నం

2025లో ఉగాది మార్చి 30న వచ్చింది. ఆ మరునాడే ఈదుల్ ఫిత్ర్. మా వీధిలో ఒక ఇంట ఉగాది పచ్చడి గిన్నెలు ఆరకముందే పక్క ఇంట షీర్‌ఖుర్మాకు పాలు కాగసాగాయి. రెండు పండుగలూ ఇలా వెంటవెంటనే రావడం చూసి మా పట్టణంలో అందరికంటే ఎక్కువ సంతోషించినవారు సినిమా హాళ్ళవారే అనుకోవాలి. 28వ తేదీ శుక్రవారం ‘రాబిన్‌హుడ్’, ‘మ్యాడ్ స్క్వేర్’ అనే రెండు తెలుగు చిత్రాలు విడుదలయ్యాయి. 30వ తేదీ ఆదివారం సల్మాన్ ఖాన్ హిందీ చిత్రం ‘సికందర్’ వచ్చింది. ఆ ఆదివారం మన దేశంలో 29వ ఉపవాసం. అంటే ‘ఈద్ కానుక’ అని పేరు పెట్టిన ఆ సినిమా మొదటి ఆటలు నెలవంక కనిపించక మునుపే, ముస్లిములు ఇంకా ఉపవాసంలో ఉండగానే నడిచాయి. దాని టికెట్ల ముందస్తు అమ్మకం ఇంకా ముందు, మనం షబె ఖద్ర్‌ను వెదుకుతూ మేలుకొనే చివరి పది రాత్రులలో జరిగింది.

పండుగ మరునాడు అస్ర్ నమాజు ముగిసిన తరువాత మా మొహల్లాకే చెందిన ఒక ఆటో డ్రైవరు సోదరుడు మదరసాలో మా గదికి వచ్చాడు. ఆయన కుమారుడు మా వద్దనే హిఫ్జ్ చేస్తున్నాడు. పదిహేనేళ్ళవాడు, ఇరవై రెండు పారాలు కంఠస్థమైనవాడు. కంఠం మంచిది, తజ్వీద్ ఇంకా మంచిది. ఆ రంజాన్‌లో మా చిన్న మసీదులో కొన్ని రాత్రులు తరావీహ్‌లో కొంత భాగం వాడి చేత చదివించాము కూడా.

“హజ్రత్, వాడిని మదరసా మాన్పించేస్తాను. మా బావమరిది షెడ్డులో పనికి పెడతాను” అన్నాడాయన, కూర్చోకుండానే.

కూర్చోబెట్టి విషయం అడిగాము. పండుగ నాటి మధ్యాహ్నం ఆ అబ్బాయి మరో ఐదుగురితో కలిసి, మూడు మోటారు సైకిళ్ళ మీద, జిల్లా కేంద్రానికి సినిమాకు వెళ్ళాడు. ఫస్ట్ షోకు టికెట్లు దొరకలేదు. సెకండ్ షో చూసి ఇంటికి చేరేసరికి రాత్రి రెండు దాటింది. తల్లి వాకిట్లోనే కూర్చొని ఉంది. హైవే మీద లారీల వరుస, ముగ్గురికి కూడా హెల్మెట్ లేదు, బండి నడిపినవాడికి లైసెన్సు లేదు. పంచిపెట్టగా మిగిలిన ఫిత్రా డబ్బు మూడు వందలు కొడుకు జేబులో ఉంచి, నమాజుకు ముందే ఫలానా వితంతువుకు ఇచ్చి రమ్మన్నాడట ఆ తండ్రి. కొడుకు ఇవ్వనేలేదు. ఆ డబ్బు టికెట్లలోకి పోయిందని తెలిసిన తరువాతనే ఆయన మా వద్దకు బయలుదేరాడు.

చదువు మాన్పించే మాట ఆపమని బ్రతిమాలి, అబ్బాయిని పిలిపించాము. ముప్ఫై సంవత్సరాలుగా పిల్లలకు పాఠం చెబుతున్నాము. మందలించడం మాకు తెలిసిన విద్యే. దైవభీతిని గురించి, అమానతును గురించి, కంఠంలో ఖుర్ఆన్ ఉన్నవాని బాధ్యతను గురించి చెప్పవలసినవన్నీ చెప్పాము. వాడు తల దించుకొని విన్నాడు. ఫిత్రా డబ్బు సంగతికి ఏడ్చాడు కూడా. చివరికి, పండుగ నాడు నీకు సినిమా తప్ప మరేమీ కనిపించలేదా అని అడిగాము. మేము జవాబు ఆశించి అడిగిన ప్రశ్న కాదది. వాడు మాత్రం జవాబు చెప్పాడు.

“హజ్రత్, ఎనిమిదిన్నరకు నమాజు అయిపోయింది. అందరినీ కలిశాం. ఖుర్మా తాగాం. పదకొండింటికి అబ్బా పడుకున్నారు. అమ్మీ, అక్క వంటింట్లో. మదరసా గేటుకు తాళం. ఈద్గాహ్‌కూ తాళం. రాత్రి దాకా మేం ఎక్కడికి పోవాలి హజ్రత్?”

మా వద్ద జవాబు లేకపోయింది. ఆ తాళం వేసి ఇంటికి వెళ్ళి పడుకున్నది మేమే.

పండుగను సరుకుగా మార్చడం ఈనాటి పని కాదు. తెలుగునాట సంక్రాంతి ఎలాంటిదో హిందీ సినిమాకు ఈద్ అలాంటిదైంది. 2009లో ‘వాంటెడ్’తో మొదలుకొని ఒకే నటుని చిత్రాలు ఈద్ కోసమే కాచుకొని రావడం ఆనవాయితీగా మారింది. 2010లో ‘దబంగ్’, 2011లో ‘బాడీగార్డ్’, 2015లో ‘బజ్రంగీ భాయీజాన్’, 2016లో ‘సుల్తాన్’. మన పండుగ చాంద్రమానం ప్రకారం ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది కదా, వ్యాపారులు కూడా దానితోపాటే తమ విడుదల తేదీలను జరుపుకుంటూ వచ్చారు. రంజాన్ నెలలో మన మొహల్లాల దాపున ఉండే హాళ్ళు వెలవెలబోతాయి. నెల పొడుగునా ఆగిన జనం ఒక్కసారిగా కదులుతారని, పిల్లల జేబులలో ఈదీ ఉంటుందని వారికి బాగా తెలుసు. మన బిడ్డల పండుగ మధ్యాహ్నం ఎంత ఖాళీగా ఉంటుందో మనకంటే ముందు సినిమా పంపిణీదారుడు లెక్క కట్టాడు. ఇది వారిమీద నింద కాదు. వ్యాపారి ఖాళీ స్థలాన్ని చూస్తే దుకాణం పెడతాడు.

సంక్రాంతి సంగతి ఇంకా పెద్దది. 2020లో జనవరి 11న ఒకటి, 12న ఒకటి. 2024లో జనవరి 12 ఒక్కనాడే ‘గుంటూరు కారం’, ‘హనుమాన్’. 2025లో 10న, 12న, 14న మూడు పెద్ద చిత్రాలు. ఈ పండుగ మనది కాదు, కానీ సెలవులు మన పిల్లలకూ ఉంటాయి. పక్కింటి స్నేహితులు పిలుస్తారు, ప్రేమతోనే పిలుస్తారు. ఆ స్నేహం చెడగొట్టుకోమని మేము ఏ బిడ్డకూ చెప్పము. మన ఈద్‌కు వారు వచ్చి మన ఇంట సేమియా తింటారు. వారి అరిసెలు మన ఇంటికి వస్తాయి. అయితే స్నేహితుడు పిలిచిన చోటికల్లా వెళ్ళి తీరాలన్న నియమం స్నేహంలో లేదు. పొరుగువారి పిల్లలు కూడా ఆ మాటను మనం అనుకొనే దానికంటే సులభంగానే అర్థం చేసుకుంటారు.

కొత్త సినిమాను మొదటి రోజే, మొదటి ఆటే చూడాలన్న ఉబలాటం ఎంతవరకు తీసుకొనిపోతుందో 2024 డిసెంబరు 4 రాత్రి హైదరాబాదులో అందరమూ చూశాము. ఆ రాత్రి ‘పుష్ప 2’ ప్రత్యేక ప్రదర్శనలకు టికెట్ మీద అదనంగా 800 రూపాయలు తీసుకోవడానికి తెలంగాణ ప్రభుత్వం అనుమతించింది. ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లోని ఒక థియేటర్ వద్ద జరిగిన తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణం పోయింది. ఆమె చిన్న కుమారుడు నెలల తరబడి ఆసుపత్రిలో ఉన్నాడు. ఆ కుటుంబం ఏ తప్పూ చేయలేదు. పిల్లవాడి ముచ్చట తీర్చడానికి వెళ్ళింది. వారిని గురించి తీర్పులు చెప్పడం మనకు తగదు. కానీ 800 అన్న సంఖ్య దగ్గర మాత్రం కాస్త ఆగాలి. హనఫీ లెక్క ప్రకారం ఫిత్రా ఒక తలకు సుమారు పావు తక్కువ రెండు కిలోల గోధుమలు, లేదా దాని వెల. మా ఊరిలో అది వంద రూపాయలకు లోపే. ఎనిమిదిమందికి సరిపోయే ఫిత్రా ఒక కుర్చీ మీద, మూడు గంటలకు, అసలు ధరకు పైన!

ఇక ధర్మం ఏమంటుంది అన్నది. పాఠకులు మా నుండి ముందుగా ఆశించినది ఇదే అయి ఉండవచ్చు. చిత్రాలను గురించి, చలనచిత్రాలను గురించి పండితుల మధ్య భేదాభిప్రాయాలున్నాయి. మేము చదువుకొన్న మదరసాల దారి కఠినమైన దారి, మేము దానినే అనుసరిస్తాము. అయితే ఆ భేదాన్ని పక్కన పెట్టినా నేటి పెద్ద చిత్రాలలో ఏముంటుందో ఏ పండితుడూ చెప్పనక్కరలేదు. నరుకుడు, తాగుడు, ఆడపిల్ల శరీరాన్ని అంగడి సరుకు చేసే పాట. తండ్రీ కూతురూ పక్కపక్కన కూర్చొని ఒకరి ముఖం ఒకరు చూసుకోలేని క్షణాలు ఎన్నో. చూపును కాపాడుకోవడం విశ్వాసి మీద ఉన్న విధి, చీకటి హాలులో ఆ విధికి సెలవు దొరకదు. మరొకటి ఉంది, దీనిని మా విద్యార్థులు మాకంటే బాగా లెక్క వేయగలరు. శుక్రవారం విడుదలైన సినిమా ఉదయం ఆట జుమాను మింగుతుంది. మ్యాట్నీ అస్ర్ జమాఅత్‌ను, ఫస్ట్ షో మగ్రిబ్‌ను మింగుతాయి. సెకండ్ షో చూసివచ్చి పడుకొన్నవాడు ఫజ్ర్‌కు లేవడం మేము ఇంతవరకు చూడలేదు.

ఈ మాటలన్నీ మింబర్ మీద నుండి ప్రతి ఏటా చెబుతూనే ఉన్నాము. విన్నవారు తల ఊపుతారు. మధ్యాహ్నం హాలు నిండుతుంది. ఆ అబ్బాయి ప్రశ్న విన్న తరువాత ఎన్నో ఏళ్ళుగా పాఠం చెబుతున్న హదీసులనే మళ్ళీ తెరిచి కూర్చున్నాము. ఈద్‌ను గురించిన అధ్యాయాలను ఈసారి ఉపాధ్యాయునిగా గాక, తాళం వేసిన గేటు ముందు నిలబడిన పిల్లవానిగా చదివాము.

దైవప్రవక్త (సల్లం) మదీనాకు వచ్చినప్పుడు అక్కడివారికి ఏడాదిలో రెండు ఆటల రోజులుండేవి. ఆ రెండింటికి బదులు అల్లాహ్ మీకు ఇంతకంటే మేలైన రెండు రోజులు ప్రసాదించాడని, అవి ఈదుల్ అద్‌హా, ఈదుల్ ఫిత్ర్ అని ఆయన తెలియజేశారు. అబూదావూద్‌లోని ఈ హదీసును మేము ఎన్నోసార్లు బోధించాము, పరాయి పండుగలకు దూరంగా ఉండాలనే పాఠం కోసం. కానీ ఒక మాట మా కంటికి ఆనలేదు. ఆటల రోజులను తీసివేసి, వాటి చోట ఏమీ ఇవ్వకుండా వదలలేదు. బదులు ఇవ్వబడింది.

బుఖారీ, ముస్లిం గ్రంథాలలోని మరో సంఘటన. ఒక ఈద్ నాడు హబషీలు మసీదులో ఈటెలతో విన్యాసాలు చేస్తున్నారు. దైవప్రవక్త (సల్లం) హజ్రత్ ఆయిషా (రజి)ను తన వెనుక నిలబెట్టుకొని, తన దుప్పటి చాటు చేసి, ఆ ఆట చూపించారు. ఎంతసేపు? ఆమె తనంతట తాను విసిగి చాలు అనేంతవరకు. చిన్న వయసు పిల్లకు ఆటల మీద ఎంత మక్కువ ఉంటుందో మీరే అంచనా వేసుకోండని ఆమె తరువాతి కాలంలో వినేవారితో అన్నారు. హజ్రత్ ఉమర్ (రజి) వచ్చి, మసీదులో ఈ ఆటలేమిటని గులకరాళ్ళు విసరడానికి వంగితే, ప్రవక్త (సల్లం) వారించారు. మరొక ఈద్ నాడు ఇద్దరు బాలికలు ఆయిషా (రజి) ఇంట పాడుతుంటే హజ్రత్ అబూబక్ర్ (రజి) కోప్పడ్డారు. అప్పుడు కూడా, వదిలేయండి, ఇది మన పండుగ అని ఆయనను ఆపారు.

ఈ హదీసులను చూపి సినిమాకు పోవచ్చునని వాదించే యువకులను మేము చూశాము. అది చెల్లదు. ఈటెల విన్యాసానికీ, మీసం మెలేసి మనుషులను నరికే బొమ్మకూ పోలిక లేదు. అయితే న్యాయంగా చెప్పాలంటే, ఈ హదీసులను మరచిపోయి పండుగను రెండు రకాత్‌ల నమాజుకు, ఒక పూట బిర్యానీకి కుదించినవారి తప్పు దానికంటే చిన్నదేమీ కాదు. గులకరాళ్ళ కోసం వంగడం మాకు వచ్చింది. దుప్పటి చాటు చేసి ఆట చూపించడం రాలేదు.

హజ్రత్ హన్‌జలా (రజి) కథ కూడా ఇక్కడ గుర్తుకు వస్తుంది. ప్రవక్త సన్నిధిలో ఉన్నప్పుడు స్వర్గనరకాలు కళ్ళకు కట్టినట్టు ఉంటాయి, ఇంటికి పోయి ఆలుబిడ్డలతో, ఆస్తిపాస్తులతో పడిపోగానే అన్నీ మరచిపోతున్నాను, నేను కపటుణ్ణి అయ్యానని ఆయన కుమిలిపోయారు. అబూబక్ర్ (రజి) అంతటివారు కూడా, నా పరిస్థితీ అదేనన్నారు. ఇద్దరూ వెళ్ళి మొరపెట్టుకొంటే, ఎల్లప్పుడూ ఆ స్థితిలోనే ఉంటే దైవదూతలు వీధులలో మీతో చేతులు కలిపేవారని, అయితే ఒక గడియ దానికి, ఒక గడియ దీనికి అని ప్రవక్త (సల్లం) వారి మనసు కుదుటపరిచారు. పదిహేనేళ్ళ పిల్లవానికి మేము ఆ రెండవ గడియను ఎప్పుడిచ్చాము?

ఇక్కడ మా సంగతి ఒకటి చెప్పకుండా ముందుకు సాగడం నిజాయితీ అనిపించుకోదు. మాకు పదహారేళ్ళప్పుడు, 1980ల చివరి సంవత్సరాలలో, తమిళనాడులోని ఒక మదరసా నుండి బక్రీద్ సెలవులకు ఇంటికి వచ్చాము. ఊరి బయట టూరింగ్ టాకీసు ఉండేది. డేరా, లోపల ఇసుక నేల. నేల, బెంచీ, కుర్చీ అని మూడు తరగతులు. ఆడవారికి మగవారికి నడుమ నడుమెత్తు గోడ. రీలు మార్చినప్పుడల్లా దీపం వెలిగేది, అప్పుడు టోపీని జేబులో కుక్కుకొని తల వంచుకొనేవాళ్ళము. పినతండ్రి కొడుకుతో కలిసి పండుగ రాత్రి నేల టికెట్టుకు వెళ్ళాము. సినిమా పేరు గుర్తున్నా ఇక్కడ అనవసరం.

ఆ సాయంత్రం మా నాన్నగారు మాకొక పని అప్పగించి ఉన్నారు. ఖుర్బానీ మాంసంలో పేదల భాగం ఒక స్టీలు క్యారియర్లో పెట్టి, చెరువు గట్టు అవతల ఉండే ఒక ముసలమ్మకు ఇచ్చి రమ్మన్నారు. ఆమెకు ఎవరూ లేరు. వచ్చాక ఇద్దామని క్యారియర్‌ను డేరా పక్కన సోడా బండి కింద పెట్టాము, మరచిపోయాము. రాత్రంతా అది అక్కడే ఉంది. ఆగస్టు ఉక్క. మరునాడు పదింటికి గుర్తుకు వచ్చి పరుగెత్తి మూత తీస్తే వాసన. నాన్నగారు కొట్టలేదు, తిట్టలేదు. క్యారియర్ తీసుకొని పెరట్లో గుంట తవ్వి పూడ్చారు. తరువాత తమ వాటాలో మిగిలినది కడిగి, స్వయంగా చెరువు గట్టు వైపు వెళ్ళారు. ఆ ముసలమ్మ పండుగ నాడు ఏం తిన్నదో మేము నేటికీ ఎవరినీ అడగలేదు.

ఆటో సోదరుని కుమారుడు ఫిత్రా డబ్బు అనగానే ఏడ్చినప్పుడు, మాకు ఎదుట కనిపించినది వాడు కాదు. మందలింపు మా నోట సగంలో ఆగిపోవడానికి కారణం అదే. తండ్రికి కూడా ఈ కథ చెప్పాము. ఆయన చాలాసేపు మౌనంగా ఉండి, “వాడు ఆ మూడు వందలు తన చేతులతో సంపాదించి ఇవ్వాలి హజ్రత్” అన్నాడు. న్యాయమైన మాట. ఆలస్యంగా ఇచ్చినది ఫిత్రా పుణ్యానికి సరితూగదు, అయినా బాకీ బాకీయే. ఆ అబ్బాయి మూడు ఆదివారాలు తండ్రి ఆటో కడిగి, ఒక కిరాణా దుకాణంలో బస్తాలు దించి డబ్బు తీసుకొనిపోయి ఆ సోదరికి ఇచ్చాడు. చదువు ఆగలేదు.

మా ఇంట ఈ విషయం మాట్లాడుకొంటుండగా మా భార్య అన్న మాట కూడా రాయాలి. మగపిల్లలు సినిమాకు పోయారని ఇంత గొడవ పడుతున్నారు, పండుగ నాడు ఆడపిల్లలు ఎక్కడికి పోయారో ఎవరైనా అడిగారా అన్నది. నిజమే. వారు ఎక్కడికీ పోలేదు. తెల్లవారుజాము నుండి ఉల్లిపాయలు, పాలు, అతిథుల కప్పులు. సాయంత్రం గిన్నెలు. రాత్రి మూలన కూర్చొని ఫోనులో అదే సినిమా పాటలు. హాలుకు పోవడం హరామ్ అని చెప్పిన మేము, హాలు ఇంట్లోకే వచ్చి అరచేతిలో కూర్చున్నదని గమనించనట్టు నటించాము. ఉమ్మె అతియ్యా (రజి) ఉల్లేఖనం ప్రకారం ప్రవక్త (సల్లం) ఈద్ నాడు స్త్రీలందరినీ, కన్యలనూ, నమాజు చేయరాని స్థితిలో ఉన్నవారిని సైతం, మేలులోనూ దుఆలోనూ పాలుపంచుకోవడానికి బయటికి రమ్మన్నారు. ఓఢ్నీ లేనివారికి తోటి స్త్రీ ఇవ్వాలన్నారు. మేము ఓఢ్నీల సంగతి పక్కన పెట్టి, అసలు గడపే దాటనివ్వలేదు.

2025 జూన్ 7న బక్రీద్ వచ్చింది. దానికి రెండు వారాల ముందు కమిటీ పెద్దలను ఒప్పించి, ఖుర్బానీ పనులు ముగిసిన తరువాత, అస్ర్ నుండి ఇషా వరకు మదరసా మైదానాన్ని తెరిచి పెట్టాము. ఒప్పించడం తేలిక కాలేదు. మదరసాలో ఈలలు, కేకలు ఏమిటని ఒక పెద్దాయన అలిగారు. వారికి హబషీల హదీసు వినిపించవలసి వచ్చింది. చిన్నపిల్లలకు గోనెసంచి పరుగు, నెమ్మది సైకిల్ పందెం. పెద్దవారికి కబడ్డీ, తాడు లాగుడు. మొహల్లాలో డెబ్బై ఏళ్ళ ఉస్తాద్ ఒకరు కర్రసాము వచ్చినవారు, ఏళ్ళ తరబడి ఆయన కర్ర అటక మీద ఉండేది. ఆయన దానిని దింపి నూనె రాసుకొని వచ్చారు. మదరసా వెనుక వైపు ప్రహరీ లోపల స్త్రీలకు, బాలికలకు వేరుగా ఏర్పాటు చేశాము. అక్కడ ఏం జరిగిందో మాకు తెలియదు గానీ నవ్వులు మాత్రం గోడ దాటి వినిపించాయి. ఆ రోజు వంట తొందరగా ముగించే బాధ్యత మగవారిదని ముందు జుమాలోనే చెప్పి ఉంచాము. ఎందరు పాటించారో వారి ఇళ్ళవారికే ఎరుక. మేము మాత్రం ఆ మధ్యాహ్నం నాలుగు కిలోల ఉల్లిపాయలు తరిగాము.

పెద్ద విజయమేమీ కాదు. పిల్లా పెద్దా కలిసి వంద మంది దాకా వచ్చారు. ఇషా తరువాత పెద్ద పిల్లలలో నలుగురు మళ్ళీ జిల్లా కేంద్రానికే సెకండ్ షోకు పోయారని మరునాడు తెలిసింది. వారిలో ఇద్దరు మగ్రిబ్, ఇషా మాతోనే జమాఅత్‌లో చేశారు. ఆ నలుగురినీ పిలిచి ఏమనాలో మాకు ఇంకా తోచలేదు. హెల్మెట్ సంగతి మాత్రం గట్టిగా అడిగాము.

ఆటో సోదరుడు ఆ సాయంత్రం ఖాకీ చొక్కాతోనే వచ్చాడు. తాడు లాగుడులో తండ్రులు ఒక వైపు, కొడుకులు ఒక వైపు. తండ్రుల జట్టులో ముందు ఆయన, కొడుకుల జట్టులో చివర ఆయన కుమారుడు, తాడు కొస నడుముకు చుట్టుకొని. కొడుకులే గెలిచారు. ఆయన మోకాళ్ళ మీద పడి, దుమ్ము దులుపుకొంటూ, ఇంకోసారి అన్నాడు.

రాత్రి గేటు మూసే వేళకు ఆ అబ్బాయి తాళం చెవి కోసం మా వద్దకు వచ్చాడు. చెవి చేతిలో పెట్టుకొని కాసేపు నిలబడి, “హజ్రత్, సంక్రాంతి సెలవుల్లో కూడా ఈ గేటు తెరుస్తారా? పక్క వీధి పిల్లలు కూడా వస్తామంటున్నారు” అని అడిగాడు. పక్క వీధి పిల్లలంటే వాడి పాత పాఠశాల స్నేహితులు, సంక్రాంతి వారి పండుగ. కమిటీని అడగాలి అన్నాము. మైదానంలో గడ్డి పాడవుతుందని ఇప్పటికే ఒక ఉత్తరం వచ్చి ఉంది.